తెర మీద నాడి

మా కోడలు నన్ను తన ల్యాబుకు తీసుకెళ్లింది నా వేలి కోసం. వేలు పెడితే నాడి చూపే చిన్న యంత్రం తయారుచేస్తోంది. అందులోని పాత సర్క్యూట్ బోర్డు పడుచువాళ్ల నాడిని పట్టేదట. నాలాంటివాళ్ల నాడి మాత్రం దీపాల, కరెంటు తీగల హోరులో కలిసిపోయేదట. ఆ హోరును వడకట్టే ఫిల్టరు పెట్టి ఇప్పుడు కొత్త బోర్డు చేసింది. మధ్యాహ్నం మేనేజరు వచ్చి చూస్తాడు. ఈసారీ పట్టకపోతే ఈ పని ఆమె చేతిలోంచి పోతుంది.

"ఏం చేస్తుందమ్మా నీ ఫిల్టరు?" అన్నాను.

"హోరు గబగబా వణుకుతుంది అత్తయ్యా. నాడిది నెమ్మది నడక. నెమ్మదిదాన్ని పోనిచ్చి, గబగబాదాన్ని ఆపేస్తుంది."

"మా అత్తగారూ అంతే. గబగబా నడిస్తే గడప దాటనిచ్చేది కాదు."

కోడలు నవ్వి, ముందు కంప్యూటరులో గీసి చూపింది. రెసిస్టర్లు రెండు, కెపాసిటర్లు రెండు, నడుమ త్రికోణంలా ఆప్ ఆంప్ అనే చిప్పు, చిన్న అలని పెద్దది చేసేదట. లేని తీగల్లో లేని కరెంటు పారించింది. ఒత్తుగా మొలిచిన గడ్డిలాంటి గీతలు ఒకవైపు వెళ్లి, రెండోవైపు నున్నటి అల ఒక్కటే బయటికొచ్చింది. నా ఒళ్లు జలదరించింది. ఇంకా పుట్టని వస్తువు నడక ముందే చూడటమంటే మాటలా!

తర్వాత అసలు బోర్డు. క్లిప్పులో వేలు పెట్టాను. లోపల ఎర్రదీపం వెలిగింది. హోరు లేదు కానీ, తెర మీద కొండలే ఉన్నాయి, లోయలు లేవు. అడుగంతా కత్తితో కోసేసినట్టు బల్లపరుపు.

కోడలి మొహం పాలిపోయింది.

"నా రక్తంలో ఏమైనా లోపమా?"

"మీ రక్తం బంగారం అత్తయ్యా. లోపం నా బుర్రలోనే." గీసిన బొమ్మ వైపు చాలాసేపు చూసి, నుదురు కొట్టుకుంది. "కాలేజీ నుంచీ ఉన్న అలవాటు! ఈ బొమ్మలో ఆప్ ఆంప్‌కి సున్నా పైనొకటి, కిందొకటి, రెండు సరఫరాలు ఇచ్చేశాను. బల్ల మీదున్నది ఒకే బ్యాటరీ. అల సున్నా కిందికి దిగడానికి చోటేదీ?"

కంప్యూటరులో కూడా ఒకే బ్యాటరీ పెట్టింది. అక్కడా లోయలు మాయమయ్యాయి.

"పాపం, అది నువ్వు చెప్పిందే చేసింది," అన్నాను.

"అవును. నేనే తప్పు చెప్పాను."

రెండు సమానమైన రెసిస్టర్లతో బ్యాటరీని సగానికి పంచి, ఆ నడిమి చోటు చుట్టూ అల ఊగేలా గీసింది. తెర మీద లోయలు తెరుచుకున్నాయి. అలాంటి రెసిస్టర్లే రెండు తెచ్చి బోర్డు మీదా అతికించింది. టంకం చక్కగా పడింది.

మళ్లీ వేలు పెట్టాను. కొండ, లోయ, కొండ, లోయ. ఇన్నేళ్లుగా నేను అడగకుండానే, నిద్రపోయినా, ఏడ్చినా, లోపల సాగుతున్న పని అది. ఊపిరి బిగబట్టి చూశాను.

మేనేజరు వచ్చాడు. చాటున అందరూ ఆయన్ని 'చిటపట' అంటారట. కళ్లద్దాలు సర్దుకుని, "ముందే రికార్డు చేసి పెట్టింది కాదు కదా?" అన్నాడు.

నేను వేలు తీసేశాను. "మీదే పెట్టండి బాబూ."

పెట్టాడు. కొండలు ఒకదాన్నొకటి తరుముకుంటూ పరుగెత్తాయి.

"మెట్లెక్కి వచ్చాను," అన్నాడు చిటపట.

"లిఫ్టులో కదా సార్ వచ్చింది?" అంది కోడలు, మెల్లగా.

ఆయనకి నవ్వాగలేదు. "సరేనమ్మా, నువ్వే కానివ్వు. ఇంకొందరు పెద్దవాళ్ల మీద కూడా చూడు."

కోడలు నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆయన మాత్రం వేలు తీయకుండా, తన గుండె నెమ్మదించడం చూస్తూ అలాగే నిలబడ్డాడు.