ఆటోలో పెట్టిన మోటారు

"ఏం భాయ్, ఏండ్ల సంది స్టార్టర్ డబ్బ మీద చెయ్యి పెడ్తున్నవు, ఆటో అంటే ఏందో ఎర్కేనా? నీ మొఖం చూస్తె ఎర్క లేనట్టే కొడ్తున్నది."

లక్ష్మీరాజం మామ పొద్దున్నే ఇలా మొదలుపెట్టేసరికి ఖుతుబుద్దీన్ ఒడ్డు మీద చతికిలబడ్డాడు. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి బొగ్గు లేదు, కరెంటు లేదు. వస్తే ఎప్పుడొస్తుందో, ఎంతసేపుంటుందో తెలియదు. సిద్దిపేట శివారులో అతనిదీ, మామదీ, పక్కనే నిలబడ్డ నర్సయ్యదీ వరి పక్కపక్కనే. గింజ పాలు పోసుకునే వేళ. ఈ ఒక్క తడి అందకపోతే అంతా తాలే.

మామే ఇద్దరికీ విడమరిచాడు. ఆటో అంటే మనిషి లేకున్నా, కరెంటు రాగానే మోటారు దానంతటదే నడవడమట. మూడు మోటార్లూ ఒక్కసారే నడిస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుందట. ఈ సమ్మెలో బాగుచేసే దిక్కు ఎక్కడ? కాబట్టి అందరూ ఆటో తీసేసి, ఒకరి తర్వాత ఒకరు వేసుకోవాలి. ఇద్దరూ తలూపి తీసేశారు. మామ వాళ్ల డబ్బాలు తెరిచి మరీ చూశాడు.

తన డబ్బా మాత్రం ఆటోలోనే ఉంచాడు. పైపు తన మడిలోకి సరిచేసుకుని సిద్దిపేటలో దీక్షా శిబిరానికి పోయాడు. నినాదాలిచ్చీ ఇచ్చీ గొంతు పోయింది, ఒళ్లు సోలిపోయింది. మధ్యాహ్నం టెంటులో ఫ్యాను తిరగగానే లోలోపల నవ్వుకుని, కండువా మొహం మీద కప్పుకుని కునుకు తీశాడు.

పొద్దు వాలే వేళకు కాళ్లీడ్చుకుంటూ పొలం చేరాడు. కరెంటు అప్పటికే పోయింది. పక్క పొలాలు రెండూ నిండుగా తడిసి ఉన్నాయి. తన మడి మాత్రం నెర్రెలు విచ్చి పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది.

"నా మోటర్ నడ్వలేదా?" అన్నాడు మామ, నీరసంగా.

"నడ్వకేంది మామా, మంచిగనే నడ్సింది," అన్నాడు ఖుతుబుద్దీన్, బురద కాళ్లు కడుక్కుంటూ. "నువ్వు ఆటో తియ్యవని మాకు ముందే ఎర్క. గందుకే మా మోటర్లు ముట్టలే, నీ పైపే మా మళ్లల్లకు తిప్పుకున్నం. ఇగ వచ్చే కరెంటు మొత్తం నీదే. మేం పోయి పంటం, నువ్వు గీడ కూసో."