చదువని యొప్పుకోళ్లు

వైశాఖమధ్యాహ్న ప్రచండమార్తాండకిరణసంతప్తములై వీథులెల్ల నిర్జనములై కుక్కలు సైతము గోడనీడల నాశ్రయించి నాలుకలు వ్రేలవైచియున్న సమయమున వినుకొండ బస్సుస్టాండు నెదుటి యిఱుకుసందులో నొక రేకులకొట్టు మాత్రము పంకా చప్పుడుతో మేల్కొనియుండెను. అది కోటిలింగము నడపు ఇంటర్నెట్ సెంటరు. సకలయంత్రవిద్యావిశారదుఁడనని తన్నుఁ దానే కొనియాడుకొను నీతని పాండిత్యమంతయుఁ దెరపైఁ గనఁబడిన ప్రతి ప్రశ్నకును 'నెక్స్ట్' అను మీట నొత్తుటయందే పర్యవసించియుండెను. ఆ ప్రశ్న యేమో యతఁ డెన్నఁడును జదివి యెఱుఁగఁడు. చదువుట చేతఁగానివారి పని యని యతని నిశ్చయము.

రెండుగంటలవేళ సామ్రాజ్యమ్మ యను నామె యచటికి వచ్చెను. పదునొకండేండ్లుగా అంగన్‌వాడీ కేంద్రమున ఆయాగా నుండి వంటచేసి పసిబిడ్డల ముక్కులు తుడిచి ముప్పదియెనిమిదవయేటఁ బట్టుపట్టి పదవతరగతి ప్యాసైన యా యిల్లాలు అదే కేంద్రమున టీచరు కొలువునకు దరఖాస్తు పెట్టఁగోరెను. గడువు ఆ సాయంకాలము అయిదుగంటలతోఁ దీఱిపోవును. ఆ కొలువు మరల నెన్నఁడు ఖాళీయగునో చెప్పఁగలవారు లేరు.

దరఖాస్తంతయు నిండెను గాని ఫోటో సైజు పెద్దదగుటచే వెబ్‌సైటు దాని నంగీకరింపదయ్యెను. ఫోటోను జిన్నది చేయు సాఫ్ట్‌వేరు నొకదానిని దింపుకొనఁదలఁచి కోటిలింగము వెదకి వెదకి యన్నిటికంటెఁ బెద్దదై పచ్చగా మెఱయు 'డౌన్‌లోడ్' మీటను మహోత్సాహమున నొత్తెను. అది వట్టి ప్రకటన. వచ్చినది ఫోటోలు తగ్గించు పరికరము గాదు. ఏ ఫైలునైనను ఎనిమిది ముక్కలుగా ఖండించి వేగముగాఁ దెచ్చి యతికెదనని ప్రగల్భములాడు డౌన్‌లోడ్ మేనేజరు. అరనిమిషమున రాఁదగిన చిన్న ఫైలునకు మేనేజరేల యని యా మహానుభావునకుఁ దోఁచనేలేదు. పైపెచ్చు వేగమను మాటకు మురిసిపోయి దానిని ఇన్‌స్టాల్ చేయఁబూనుకొనెను.

సామ్రాజ్యమ్మ తెరవైపు వంగి యడుగున నున్న సన్నని యక్షరములఁ జూచెను.

"ఏవండీ, కింద మూడు టిక్కులు ముందే పెట్టున్నయ్యి. అయ్యేందో చూడరా?"

"అయ్యన్నీ చదువుకుంటా కూచుంటే తెల్లారిద్దమ్మా. నెక్స్ట్ కొట్టుకుంటా పోవటమే."

అట్లే కొట్టుకొనుచుఁ బోయెను. పిలిచిన యతిథి యొక్కఁడు పిలువని బంధుకోటినెల్ల వెంటఁబెట్టుకొని వచ్చినట్లు ఆ మేనేజరుతోఁ గూడ నొక టూల్‌బారును ఒక పేకాటయు కంప్యూటరును శుభ్రముచేసెదనని పదునాలుగువందల దోషముల నెంచి చూపు నొక క్లీనరును దిగినవి. ఆ దోషములలో మొదటిది తానే యని చెప్పుటకు మాత్రము దానికి నోరు రాలేదు. కోటిలింగము దాని మాట నమ్మి దానికిని నెక్స్ట్ సమర్పించెను. అప్పటికి నింపిన దరఖాస్తును క్లీనరు దుడిచిపెట్టి కంప్యూటరును రీస్టార్ట్ చేసెను. మరల నది తెఱచుకొనుసరికి నాలుగున్నర యయ్యెను. ప్రకటనలు తెరనిండ మూఁగి వెబ్‌సైటును గనఁబడనీయవయ్యెను. వేఱొక సెంటరునకుఁ బోయెదనని యామె రెండుమార్లు లేవఁగా నిదిగో అయిపోయినదని కూర్చుండఁబెట్టిన ఘనుఁడును నీతఁడే. అయిదయ్యెను. గడువు ముగిసినదని తెర చెప్పెను.

సిగ్గుపడవలసిన యా పురుషపుంగవుఁడు తప్పంతయు ఫోటోదే యనియు నంత పెద్ద ఫోటో తెచ్చువారికి నిట్లే యగుననియుఁ బలికెను. సామ్రాజ్యమ్మ కాగితములు కవరులోఁ బెట్టుకొని లేచి యతని ముఖముఁ జూచి యడిగెను.

"ఆ ఉద్యోగానికి పదో తరగతి కావాలన్నారండీ, ఈ వయసులో చదివి పాసయ్యా. మీ కుర్చీలో కూచోటానికి ఏం కావాలన్నారు?"

కోటిలింగము తెరవైపుఁ దిరిగి మఱియొక నెక్స్ట్ నొత్తెను.

మూఢత్వము మూఢు నొక్కనినే చెఱచునేని లోకమునకు నంత విచారము లేకపోవును. దాని ఫలము ననుభవించునది యెప్పుడును ఎదుటి బల్లపైఁ గూర్చున్నవారే. జ్యేష్ఠమాసమున నా కేంద్రమునకు క్రొత్త టీచరు వచ్చెను. ఏ బిడ్డ గ్రుడ్డు తినదో ఏ బిడ్డ తల్లిని దలఁచుకొని యేడ్చునో ఆ క్రొత్తయామెకు సామ్రాజ్యమ్మయే నేర్పెను.