డాలు పారేసినవాడు

ఏథెన్సులో మనిషిని దొంగ అనొచ్చు, తాగుబోతు అనొచ్చు, పెళ్ళాం గీసిన గీత దాటనివాడనీ అనొచ్చు. 'రిప్సాస్పిస్' అని మాత్రం ఊరికే అనకూడదు. యుద్ధంలో డాలు పారేసి పారిపోయినవాడని దాని అర్థం. రుజువు లేకుండా అంటే అన్నవాడికి శిక్ష. రుజువైతే ఆ మాట పడ్డవాడు ఇక పౌరసభలో నోరెత్తకూడదు. కుండ నోటికి మూకుడుంది గానీ లోకుల నోటికి లేదంటారు. ఈ ఒక్క మాటకి మాత్రం చట్టం మూకుడు చేసిపెట్టింది.

చేపలమ్మే కెఫలోన్ పొద్దున మంగలి అంగట్లో ఆ మూకుడు తీసేశాడు. చెప్పులు కుట్టే దెక్సియాస్‌ని పదిమందిలో ఆ మాట అనేశాడు.

సాయంత్రానికల్లా ఫిలాగ్రోస్ కుంటుకుంటూ దెక్సియాస్ ఇంటికొచ్చాడు. నిరుడు ఓడిపోయిన యుద్ధంలో తొడకి గాయమై పడి ఉన్న అతన్ని ఇంటిదాకా వీపున మోసుకొచ్చింది దెక్సియాసే.

"దావా వెయ్యరా. సాక్ష్యం నేను చెప్తా. నన్ను మొయ్యడానికే డాలు పారేశావని దేవుళ్ళ మీద ఒట్టేస్తా. ఆ కంపు నోరు మూయిద్దాం."

"వదిలెయ్యరా. నాకు ఓపిక లేదు."

"ఓపిక లేదా? రేపు నీ కొడుకునీ ఇదే అంటార్రా!"

దెక్సియాస్ తలెత్తకుండా చెప్పు అడుగు కుడుతున్నాడు. ఈ ఏడాదిగా అతన్ని అలసగొట్టింది పని కాదు. ఆ యుద్ధంలో సైనికుల వరుస విరగగానే అతను భయంతోనే డాలు పారేసి పరుగెత్తాడు. ఫిలాగ్రోస్ కనిపించింది ఆ తర్వాత, వాగు దగ్గర. దావా వేస్తే గెలుస్తాడు. గెలిపించేది స్నేహితుడి తప్పుడు ఒట్టు. ఆ పాపం వాడి ఇంటికి చుట్టుకుంటుంది.

సూది పక్కన పెట్టాడు. "ఒరే, నిన్ను చూసేసరికే నా చేతిలో డాలు లేదు. కెఫలోన్ అన్నది నిజం."

ఫిలాగ్రోస్ తన ముందు పెట్టిన రొట్టె తుంచి వైన్‌లో ముంచాడు. తినలేదు.

"తెలుసులే. ఖాళీ చేతుల్తో వస్తుంటే చూశా."

"మరి ఒట్టేస్తానంటావేంరా?"

"నీకన్నా ముందు ఆరుగురు నన్ను దాటిపోయార్రా. పేరుపెట్టి పిలిచా. అందరి డాళ్ళూ భద్రంగా ఉన్నాయి. ఒక్కడూ వంగలేదు. వాళ్ళలో రెండోవాడు కెఫలోన్."

దెక్సియాస్‌కి అప్పుడు ఏడుపొచ్చింది. దావా మాత్రం వెయ్యలేదు.