బావిని చూసి చెప్పిన సముద్రం

పక్కింటి తాహేరా ఫోను స్పీకరులో పెట్టి, నేను బియ్యం ఏరుతున్న చాటలోనే ఉంచింది. దుబాయి నుంచి ఆమె భర్త జిలానీ.

"సునీలక్కా, నువ్వు చెప్పినట్టే చేసిన. కొలువు పోయేటట్టున్నది."

నా చేతిలోని రాయి మళ్లీ బియ్యంలో పడింది.

జిలానీ అక్టోబరులో ఒక బీచ్ దుకాణంలో చేరాడు. పలక మీద నిలబడి అలల మీద జారే ఆట ఉందట, సర్ఫింగ్. ఆ ఆటకొచ్చేవాళ్లకు ఒంటికి అతుక్కునే రబ్బరు సూట్లు అద్దెకివ్వడం అతని పని. నీళ్లు చల్లగా ఉంటే మందపు సూటు, వెచ్చగా ఉంటే పల్చని చొక్కా. "కాలాన్ని బట్టి ఇవ్వు, మూడు నెలలు చూసి ఖాయం చేస్తా" అని యజమాని తన ఊరెళ్లాడు. జిలానీకి వెంటనే మా ఊరు ఎల్లారెడ్డిలో పక్కింటి డిగ్రీ, అంటే నేను, గుర్తొచ్చింది. నాకు ఫోను చేశాడు.

నేను సముద్రం చూడలేదు. ఆ మాట చెప్పడానికి నా బీఎస్సీ అడ్డొచ్చింది. మా పెరటి బావి చలికాలం తెల్లవారుజామున పొగలు కక్కుతూ గోరువెచ్చగా ఉంటుంది. మే నెలలో చెంబెడు పోసుకుంటే ఒళ్లు జివ్వుమంటుంది. "నీళ్లన్నీ గంతే తమ్మీ. చలికాలం వెచ్చగుంటయి. మందపువి ఎండకాలానికి దాచిపెట్టు" అన్నాను. అతను మందపు సూట్లన్నీ మూటగట్టి అటకెక్కించాడు.

ఇప్పుడు 2012 జనవరి.

"ఒకామె గంటసేపు ఆడి వచ్చిందక్కా. పెదవులు నేరేడుపండ్ల లెక్కయినయి. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలే. గప్పుడే ఊరి నుంచి దుకాణం సేట్ దిగిండు."

నేను చాటను దగ్గరికి లాక్కున్నాను.

"నువ్వు నీళ్లల్ల చెయ్యి పెట్టి చూడలేదా?" అన్నాను.

"పొద్దుగాల దుకాణంల పడితే మాపటిదాకా లోపలనే. సముద్రం అద్దంలకెళ్లి కనిపిస్తది, గంతే. ఏ నెలకు ఏ సూటో శుక్రవారం లోపట రాసి గోడకు పెట్టాలె. లేకుంటే వాపస్ టికెట్ అన్నడు."

"బాయిని చూసి సముద్రం చెప్పినవా అక్కా?" అంది తాహేరా, చాలా మెల్లగా. అరిచినా బాగుండేది.

మర్నాడు ఇద్దరం కామారెడ్డి బస్సెక్కాం. నెట్ సెంటరాయన తలెత్తకుండా "రిజల్టా, హాల్‌టికెట్టా?" అన్నాడు.

"సముద్రం" అన్నాను. తలెత్తాడు.

తెర మీద దుబాయి సముద్రపు నీళ్ల వేడి అంకెలు నెలనెలకూ పైకి చదివాను. ఫిబ్రవరిలో ఇరవై రెండు డిగ్రీలు, ఆగస్టులో ముప్పై మూడు! నేను చెప్పిందానికి అక్షరాలా తలకిందులు.

"యా అల్లా, ఆగస్టుల పిల్లలకు స్నానం పోయొచ్చు" అంది తాహేరా.

బస్టాండులో నిలబడి జిలానీకి చదివి వినిపించాను. డిసెంబరు నుంచి మార్చి దాకా మూడు మిల్లీమీటర్ల మందపుది, కాళ్లూ చేతులూ నిండుగా కప్పేది. ఏప్రిల్‌లో, నవంబరులో పొట్టి చేతులది. మిగతా నెలలకు పల్చని చొక్కా చాలు.

"గిప్పుడన్న పోయి చెయ్యి పెట్టి చూడు తమ్మీ. నా మాట నమ్మకు."

ఫోనులో తలుపు చప్పుడు, గాలి, తర్వాత పెద్ద హోరు. మేమిద్దరం ఒకే ఫోనుకు చెవులు ఆనించి మొదటిసారి సముద్రాన్ని విన్నాం. అంతలో కేక.

"అమ్మో! అక్కా, ఇది బాయి కాదు!"

శుక్రవారం ఫోను మోగినప్పుడు తాహేరా ఎత్తలేకపోయింది. నేనే ఎత్తాను.

"సేట్ కాయిదం చూసిండు. ఎవరు చెప్పిన్రన్నడు. ఎల్లారెడ్డిల మా అక్క అన్న. ఎల్లారెడ్డి ఏ సముద్రం ఒడ్డుకున్నదని అడిగిండు."

"ఏం చెప్పినవ్?"

"బాయి గడ్డకున్నదని చెప్పిన. మల్ల మొదటికెళ్లి చదివిండు, ఒక్కో నెల మీద వేలు పెట్టుకుంట."

తాహేరా నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఉంచిండా, తీసేసిండా?"

"కాయిదం ఉంచిండు" అన్నాడు జిలానీ. "నన్ను గూడ."