ఒక వారం ఔను, ఒక వారం కాదు

చిన్నోడు నడక నేర్చిన నాటి నుంచీ వాళ్లమ్మది ఒకటే పాట. మా వాడు చర్చిలో ఫాదరవుతాడు, చూస్తూ ఉండండి అని కూరలమ్మేవాళ్లకి చెప్పింది, పక్కింటివాళ్లకి చెప్పింది, అడగనివాళ్లని ఆపి మరీ చెప్పింది. వినీ వినీ చిన్నోడికి ఇరవై ఏడేళ్లొచ్చాయి. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్కు. ఫాదర్లని తయారుచేసే సెమినరీలో చేరేదీ లేనిదీ ఇంకో రెండు వారాల్లో తేల్చి చెప్పాలి.

కోరిక లేదా అంటే ఉంది. అది తనదా, లేక చెవినిల్లు కట్టుకుని పోరి పోరి అమ్మ లోపల పెట్టిందా అన్నదే అంతు చిక్కడం లేదు.

వాళ్ల చర్చి పెద్ద ఫాదరు, విచారణ గురువులు, ముసలాయన, నాన్చడం తెలియని మనిషి. ఒక వారం చేరుతున్నట్టే బతుకు, ఇంకో వారం చేరనట్టే బతుకు, రోజూ మనసెలా ఉందో రాసుకో, ఎవరికీ చెప్పకు, శాంతి ఎటుంటే దేవుడి పిలుపు అటున్నట్టు అన్నారు. చిన్నోడికి ఈ పద్ధతి బాగా నచ్చింది. కంపెనీ సర్వీసు కాగితాల మీదే రాశాడు, మెకానిక్కు కదా. ఫిర్యాదు, కారణం, చేసిన పని అని మూడు గళ్లు.

ఔను వారం హాయిగా గడిచింది. తెల్లారే చర్చిలో పూజకి వెళ్లాడు, ఇంట్లో వదిన ఎగతాళికి కూడా నవ్వాడు. ఫిర్యాదు: లేదు. కాదు వారం వచ్చింది. రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు, ఒళ్లెరగకుండా నిద్రపోయాడు, బస్టాపులో అమ్మాయిల్ని నిర్భయంగా చూశాడు. ఫిర్యాదు: లేదు. ఇదెక్కడి గోలరా నాయనా అనుకున్నాడు. రెండు వైపులా శాంతే ఉంటే దేవుడు ఎటున్నట్టు?

కాదు వారం ఆఖరి రోజున ఆసుపత్రిలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. లోపల ఒక పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. ఈ పనిలో మొదటి నియమం, పనిముట్టు తీయకముందే లోపలి మనిషితో మాట్లాడాలి. రెండోది, తెలియకుండా ఐదు నిమిషాలని చెప్పకూడదు. తనతో వచ్చిన మేస్త్రి పైన మోటారు గదికి పోతే చిన్నోడు తలుపు సందు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. నాలుగో అంతస్తులో తన భార్యకి సీరియస్ అని, త్వరగా రమ్మన్నారని పెద్దాయన చెప్పాడు.

"నేను వెళ్లేదాకా ఉంటుందా బాబూ?"

"తెలియదండీ. నేనైతే ఇక్కడే ఉన్నాను."

ఆయన్ని బయటికి తీయడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. ఇంకో చోట పని ఉందని మేస్త్రి కేకేస్తున్నా వినకుండా చిన్నోడు ఆయన వెంట మెట్లెక్కాడు. ఆవిడ అప్పటికే పోయింది. కూతురు వచ్చేదాకా పెద్దాయన సంచీ పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఇక్కడ తను చేయాల్సిన పని ఇంకేదో ఉందనీ, దానికి కావాల్సింది తన చేతుల్లో లేదనీ అనిపించి ఏడుపొచ్చింది. ఆ రోజు కాగితం మీద రాశాడు. ఫిర్యాదు: శాంతి లేదు. కారణం: తెలియదు. చేసిన పని: ఏమీ లేదు.

కాగితాలు చూపిస్తే గురువులు ఆ చివరిదాన్నే మూడుసార్లు చదివారు. ఏమంటారని అడిగితే, నేను చెబితే అది నా మాటవుతుంది, ఇంటికెళ్లు అన్నారు. ఇంటికెళ్లేదాకా కూడా చిన్నోడికి ఏం చెప్పాలో తెలియదు. వంటింట్లో అమ్మ బీన్స్ తరుగుతోంది.

"అమ్మా, చేరుతున్నాను," అన్న మాట దానంతటదే వచ్చింది.

అమ్మ చేతిలో కత్తి ఆగింది. ఇల్లిల్లూ తిరిగి చెప్పొస్తుందనుకున్నాడు. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"ఎందుకమ్మా? చిన్నప్పట్నుంచీ నువ్వే కదా అన్నావు?"

"నువ్వు ఒప్పుకోవన్న ధైర్యంతో అన్నాన్రా. గొప్పకి అన్నాను. కన్నకొడుకుని నిజంగా ఎవరు పంపుకుంటారు?"

చిన్నోడు అమ్మ పక్కన కూర్చున్నాడు. అమ్మ కోరిక అంటూ అసలు లేనే లేదు. దాంతోపాటు తనదీ పోయిందేమోనని లోపల వెతుక్కున్నాడు. పోలేదు. ఇక రేపు తప్పయితే అమ్మ మీద నెట్టేయడానికి కూడా లేదని తెలిసి, మొదటిసారి నిజంగా భయమేసింది.

"పోనీ, మానేస్తావా?" అంది అమ్మ, ఆశగా.

"లేదమ్మా," అన్నాడు.