గోడకు పాడిన నీలాంబరి

నరహరి సారు పాడుతుంటే సభలో కునుకు తీసి బతికి బట్టకట్టినవాడు లేడు. ముప్పై ఏళ్లు సిద్దిపేటలో సంగీతం చెప్పిన మనిషి. ముందు వరుసలో ఎవరి తల వాలినా, తాళం వేసే చేత్తో తొడ మీద ఫెడీమని ఒక్కటి చరుస్తాడు. ఆ చప్పుడుకు వెనక వరుసవాళ్లు కూడా సర్దుకుని కూర్చుంటారు.

అలాంటి మనిషిని పట్టుకొచ్చి, మనసు చెదిరినవాళ్లకు పాడమంది భవాని. బస్టాండు వెనక కౌన్సెలింగ్ సెంటరు ఆమెదే. మందులు డాక్టరువి, మాటలు ఆమెవి, పాట సారుది.

ఆ మంగళవారం వచ్చింది ఐలవ్వ ఒక్కతే. కోహెడ మనిషి. ఇరవై రోజుల కింద పత్తి చేన్లో పిడుగు పడి, పక్క సాలులో కలుపు తీస్తున్న చెల్లెలు పోయింది. అప్పటి నుంచి ఐలవ్వ కళ్లు మూస్తే ఆ వెలుగే. మాత్ర వేసుకున్నా గడియసేపు నిద్ర లేదు.

"ఈ వారం గూడ పండుకోకుంటె పట్నంల పెద్ద దవాఖానల చేర్పియ్యాలె సార్. ఆ మాటంటేనే వణుకుతుంది" అని భవాని ముందే చెప్పింది.

సారు నిద్రపుచ్చే రాగం నీలాంబరి ఎత్తుకున్నాడు. ఐలవ్వ ఒక్కచోట కుదురుగా లేదు. కొంగు ముడి వేసింది, విప్పింది. కిటికీ దగ్గరికి పోయి మబ్బు చూసొచ్చింది. ఆమెను చూసి సారుకూ స్థిమితం తప్పింది. ఎలాగైనా ఈమెను కూర్చోబెట్టాలని పల్లవిని రకరకాలుగా తిప్పుతూ సంగతి మీద సంగతి వేశాడు. చివరికి ఆమె చాప మీద కూలబడి గోడకు ఆనుకుంది. సారు హుషారుగా పై స్థాయి అందుకుని కళ్లు తెరిచాడు. ఐలవ్వ తల వాలి ఉంది.

చెయ్యి ఆయన్ను ఆలోచించనివ్వలేదు. తొడ మీద ఫెడీమంది.

ఐలవ్వ కెవ్వుమని లేచి రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని సారుకు దండం పెట్టింది.

"తప్పైంది సారూ. మీరు గంత మంచిగ పాడుతుంటె పండుకున్న. ఇగ పండుకోను, మీ పాట ఇంట."

సారుకు చచ్చినంత పనైంది. ఇరవై రోజులకు వచ్చిన నిద్రను చేజేతులా పాడుచేశాడు. ఆమె తిట్టినా బాగుండేది. మళ్లీ పాడాడు. రెప్ప వాలినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడి, ఆయన్ను చూసి మర్యాదగా తల ఊపుతోంది. ఆ తల ఊపు కోసమే ఆయన జన్మంతా పాడాడు. ఈ రోజు దాన్ని చూడలేకపోయాడు.

"ఐలవ్వా, నువ్వు ఇనకు."

"అట్లెట్ల సారూ? పెద్దమనిషి పాడుతుంటె ఇనకుంటె మంచిగుంటదా?"

"నీకోసం పాడ్తలేను. నా సాధన నేను చేస్కుంటున్న. నీ దిక్కు సూడ గూడ సూడ."

అని గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఎదుటి మనిషికి వీపు పెట్టి పాడటం బుద్ధెరిగాక ఇదే మొదలు. సంగతులు మానేశాడు. చేతిని తొడ కింద నొక్కిపెట్టాడు. వెనక ఏమవుతోందో తెలియదు. ఒక్కసారి తిరిగి చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది. చూస్తే మళ్లీ లేచి కూర్చుంటుందేమోనని భయం.

చాలాసేపటికి భవాని వచ్చి ఆయన చెవిలో అంది. "పండుకుంది సార్. ఇగ చాలు."

సారు తల అడ్డంగా ఊపాడు. ఆపితే లేస్తుందేమో. గొంతు ఎండిపోయింది, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. తన పాట ఐలవ్వ చెవిన పడొద్దని దేవుడికి మొక్కుకుంటూ పల్లవి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.