రాళ్ళు వేయించే అక్క

ఊపిరి బిగబట్టి, పట్టకారు కొసతో అక్క మరో రాయిని యంత్రంలోని వేడిపళ్ళెంలో పెట్టింది. మిరియపు గింజంత కూడా లేని పలక అది. వేడెక్కగానే, అంతరిక్షంలో మింగిన రేడియేషన్‌నంతా వెలుగుగా కక్కేస్తుంది. ఆ వెలుగు కంటికి ఆనదు, యంత్రమే కొలిచి అంకె చెబుతుంది. అదీ ఒక్కసారే. ఆ తర్వాత రాయి ఖాళీ.

వ్యోమగాములు ఒంటిమీద తగిలించుకుని తిరిగే బిళ్ళల్లోంచి ఈ రాళ్ళు తీసి కొలవడమే, పెళ్ళికి ముందునుంచీ ఆమె ఉద్యోగం. "మా ఆవిడ రాళ్ళు వేయిస్తుంది" అని మొగుడు చుట్టాల దగ్గర వేళాకోళం చేస్తుంటాడు. ఆమె విమానమైనా ఎక్కి ఎరగదు. అయినా పైకి వెళ్ళొచ్చిన వాళ్ళంతా ఆమెకు సొంత మనుషులే. చిన్నా పెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు.

ఈసారి అంకె చూసి అక్క ముఖం చిన్నబోయింది. మరీ తక్కువ. అదే ప్రయాణంలో పక్క పడకలో పడుకున్నవాడి బిళ్ళ ఇంతకు రెట్టింపు చూపించింది.

కబురు పెడితే ఆ బిళ్ళ తాలూకు వ్యోమగామి, జుట్టు నెరుస్తున్న మనిషి, నవ్వుతూ వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఒక జన్మలో ఇంతకు మించి రేడియేషన్ తగలకూడదని వ్యోమగాములకు ఒక హద్దు ఉంది. ఆమె ఆ హద్దు అంచున ఉంది. ఈ అంకె ఇలాగే నిలిస్తే ఇంకో ప్రయాణం దక్కుతుంది.

"బిళ్ళ ఎక్కడ పెట్టావే?" అంది అక్క.

ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"నీళ్ళ సంచుల వెనకాల. ఇంకొక్కసారక్కా. నువ్వు ఊరుకుంటే ఎవరికీ తెలీదు."

నీళ్ళు రేడియేషన్‌ను అడ్డుకుంటాయని ఇద్దరికీ తెలుసు. రాయిలో వెలుగు పోయింది కాబట్టి మళ్ళీ కొలిచి చూసేవాళ్ళూ లేరు. ఊరుకుందామని అక్క ప్రాణం కొట్టుకులాడింది. ఈ పిల్లంటే ఆమెకు అంత ఇష్టం.

"రేపు నీకు ఒంట్లో బాగోకపోతే డాక్టరు చూసేది ఈ అంకే తల్లీ. ఆయనకి అబద్ధం చెప్పి నిన్ను పోగొట్టుకోమంటావా?"

ఆ అంకె కొట్టేసి, అక్క పక్క పడకవాడి అంకె వేసింది.

ఆమె పోట్లాడలేదు. అక్క భుజం మీద తల ఆనించింది. టీ తాగి వెళ్ళమంటే వద్దంది. లేచి, సంచిలోంచి ఏదో తీసింది.

"నీ గది చలిగా ఉంటుందక్కా. ఉంచుకో."

తలుపు మెల్లగా మూసుకుంది. స్టూలు మీద, మళ్ళీ వెళ్ళేటప్పటికని ఆమె దాచుకున్న ఉన్ని మేజోళ్ళు ఉన్నాయి. పైన తేలడమే తప్ప నడక లేదు గనుక అరికాళ్ళ దగ్గర కొత్తవాటిలాగే ఉన్నాయి, నిలదొక్కుకోవడానికి కమ్మీల కింద పాదాలు దూర్చీ దూర్చీ పైభాగం మాత్రం చిరిగిపోయింది.